అట్లాంటిక్ తుపానులు - న్యూయార్క్ పత్తి ధరలు

ఏటా ఆగస్టు మూడో వారం దాటిందంటే న్యూయార్క్ పత్తి వాయిదా మార్కెట్‌లో ధరలను కదిలించే శక్తి ఒకటి కొత్తగా వచ్చి చేరుతుంది. అది మిల్లుల గిరాకీ కాదు, నిల్వల లెక్క కాదు; ఆఫ్రికా పడమటి తీరాన పుట్టే గాలివాన. అట్లాంటిక్‌లో తుపానుల రుతువు జూన్ 1న మొదలై నవంబర్ 30తో ముగుస్తుంది. సెప్టెంబర్ 10 ప్రాంతంలో దాని ఉద్ధృతి అధికం. ఇంచుమించు అదే రోజుల్లో జార్జియా, అలబామా, కరొలైనా రాష్ట్రాల చేలల్లో పత్తి కాయ పగలడం మొదలవుతుంది. ఆదోని, గుంటూరు, వరంగల్ వర్తకులు సైతం "అమెరికాలో తుపానట" అని వాకబు చేయడానికి కారణం ఈ రెండూ ఒకేసారి రావడమే.

అక్కడి వారు హరికేన్ అనేది మన బంగాళాఖాతపు పెను తుపాను వంటిదే. గాలి వేగం గంటకు 119 కిలోమీటర్లు చేరితే అది ఒకటో తరగతి హరికేన్. 178 చేరితే మూడో తరగతి. 252 చేరితే అయిదో తరగతి, అంతకు మించి తరగతి లేదు. కేప్ వెర్ద్ దీవుల దగ్గర మొదలైన వాయుగుండం అమెరికా తీరం చేరడానికి వారం, పది రోజులు పట్టవచ్చు. వ్యాపారులు ఊహాగానాలు చేయడానికి ఈ వ్యవధి చాలు. మార్కెట్ ఎగుడుదిగుళ్లలో ఎక్కువ భాగం తుపాను ఒడ్డుకు రాకముందే జరిగిపోతుంది.

మయామీలోని జాతీయ హరికేన్ కేంద్రం రోజుకు నాలుగుసార్లు ప్రకటన ఇస్తుంది. వేసవి కాలమానం ప్రకారం మన గడియారంలో అవి ఉదయం 8-30, మధ్యాహ్నం 2-30, రాత్రి 8-30, తెల్లవారుజాము 2-30 గంటలు. పత్తి వాయిదాల లావాదేవీలు మనకు ఉదయం 6-30 నుంచి రాత్రి 11-50 వరకు సాగుతాయి గనుక తెల్లవారుజాము ప్రకటన ఒక్కటే మార్కెట్ మూసి ఉండగా వస్తుంది. అంతకన్నా చిక్కు శని, ఆదివారాలది. శుక్రవారం రాత్రి మూసిన ధరకు, సోమవారం ఉదయం తెరిచిన ధరకు మధ్య తుపాను రెండు రోజులు నడిచి ఉంటుంది. వారాంతంలో అమ్మకం బాకీ పెట్టుకుని నిద్రపోగలవారు అరుదు.

ఆ ప్రకటనతో వచ్చే పటంలో గరాటు ఆకారంలో ఒక తెల్లని మేర కనిపిస్తుంది. చాలామంది దానిని తుపాను వెడల్పు అనుకుంటారు. అది నిజం కాదు. తుపాను కేంద్రం ఏ దారిన పోవచ్చునన్న అంచనాలో ఉండే తప్పుకు అది కొలత. మూడింట రెండు వంతుల సందర్భాలలో కేంద్రం ఆ గరాటులోనే ఉంటుంది. మిగిలిన ఒక వంతు బయటికి పోతుంది. ఇక వాన సంగతి వేరు. అది గరాటు అంచు దగ్గర ఆగదు. పత్తికి వాన కూడా గాలి అంత చేటు.

ఇందుకు కారణం అక్కడి సేద్యపు పద్ధతి. మన రైతు పత్తిని మూడు నాలుగు విడతలుగా కూలీలతో తీయిస్తాడు. ఒక వాన పడితే ఒక తీత పాడవుతుంది, తరువాతి తీతకు ఆశ ఉంటుంది. అమెరికాలో మందు చల్లి ఆకు రాల్చి, యంత్రంతో చేనంతా సాధారణంగా ఒకేసారి తీస్తారు. ఆకు రాల్చిన తరువాత కాయలన్నీ విచ్చుకుని, దూది గాలికీ వానకూ నేరుగా తగులుతుంది. పెనుగాలి వీస్తే అది నేల పాలు. వాన ముసురు పడితే రంగు మారి గ్రేడు పడిపోతుంది, విత్తనం కాయలోనే మొలకెత్తుతుంది. సగం విచ్చిన కాయలు బిగుసుకుపోయి యంత్రానికి అందవు.

అందుకే జార్జియా రైతు సెప్టెంబర్ నెలలో శరత్కాలపు వాతావరణం త్వరగా రావాలని కోరుకుంటాడు. కెనడా వైపు నుంచి దిగే చల్లని పొడిగాలి అతనికి రెండు విధాల మేలు చేయవచ్చు. ఒకటి, ఎండ కాసి తేమ తగ్గి తీత చురుకుగా సాగుతుంది. రెండు, ఆ గాలితో వచ్చే అల్పపీడన ద్రోణి అట్లాంటిక్ నడుమ ఉన్న తుపానును తీరానికి రాకుండా ఈశాన్యానికి మళ్లించి సముద్రంలోకి తరిమివేస్తుంది. అయితే తుపాను అట్లాంటిక్‌లో గాక మెక్సికో సింధుశాఖలో ఉంటే కథ తలకిందులవుతుంది. అప్పుడు అదే ద్రోణి దానిని ఉత్తరానికి లాగి ఫ్లోరిడా, జార్జియాల మీదికే తెస్తుంది. టెక్సాస్ ఎత్తు మైదానాలలో, అంటే లబ్బక్ ప్రాంతంలో, మరొక చిక్కు. అక్కడ పంట ఆలస్యం. చలి ముందుగా వస్తే కాయ ముదరకుండానే ఎదుగుదల ఆగిపోయి పింజ బలహీనపడుతుంది. కనుక "అమెరికాలో చల్లబడింది" అన్న వార్త చెవిన పడగానే మందీ అని లెక్క కట్టేవారు ముందుగా ఏ రాష్ట్రంలో అని అడగడం మంచిది.

2018 అక్టోబర్ 10న జరిగింది ఇందుకు తార్కాణం. మైకేల్ అనే హరికేన్ సింధుశాఖలో బలపడి, పడమటి నుంచి వచ్చిన ద్రోణి లాగగా ఫ్లోరిడాలో మెక్సికో బీచ్ వద్ద తీరం దాటింది. తరువాతి పరిశీలనలో దానికి అయిదో తరగతి ఇచ్చారు. నైరుతి జార్జియాలో అడుగుపెట్టినప్పుడు కూడా అది మూడో తరగతి బలంతో ఉన్నది. ఆ ఏడు అక్కడ పత్తి చేలు ఎంతో ఆశాజనకంగా ఉన్నాయి; కాయలు విచ్చి తీతకు సిద్ధమైన సమయం. పత్తి నష్టం 55 నుంచి 60 కోట్ల డాలర్లని జార్జియా విశ్వవిద్యాలయం అంచనా వేసింది. ఒక్క పూటలో ఏడాది పెట్టుబడి నేల పాలైన కుటుంబాలు ఎన్నో.

మరి ధర? రైతు అంత నష్టపోయినా న్యూయార్క్ ధర నిలబడలేదు. ఆ ఏడు జూలైలో చైనా అమెరికా పత్తిపై 25 శాతం సుంకం వేసి ఉన్నది. గిరాకీ భయం ముందు సరుకు కొరత చిన్నదైపోయి, డిసెంబర్ నెలాఖరుకు ధర పౌనుకు 75 సెంట్ల లోపునే ఉన్నది.

అంతకు ముందటి ఏడాది, 2017లో, ఇంకా చిత్రం. ఆగస్టు 25న హార్వీ టెక్సాస్ తీరాన్ని తాకింది. అక్కడ తీత చాలా వరకు పూర్తయినా, పొలాల్లో కట్టి ఉంచిన పత్తి దిమ్మెలు తడిసిపోయాయి. 10 కోట్ల డాలర్ల పత్తి నష్టమని అంచనా. వెంటనే ఇర్మా వస్తున్నదన్న భయంతో సెప్టెంబర్ మొదటి వారంలో ధరలు ఎగిశాయి. సెప్టెంబర్ 12న అమెరికా వ్యవసాయ శాఖ నివేదిక వచ్చింది. అందులో పంట అంచనా తగ్గలేదు సరికదా, 12 లక్షల బేళ్లు పెరిగి 2 కోట్ల 18 లక్షలకు చేరింది. ధర దిగిపోయింది. చివరకు పంట సుమారు 2 కోట్ల 9 లక్షల బేళ్లు తేలింది. ఆగస్టు నాటి అంచనా కన్నా అది ఎక్కువే. అమెరికా పంటలో పెద్ద వాటా టెక్సాస్‌ది. అందులోనూ అధిక భాగం తీరానికి ఎంతో దూరాన ఉన్న మైదానాలది. తూర్పున పోయిన సరుకును పడమట పండిన సరుకు పూడ్చగలదు. దీనికి తోడు 2023-24లో ఎగుమతుల్లో అమెరికాను బ్రెజిల్ దాటిపోయింది. కొనుగోలుదారుకు మరో దుకాణం తెరిచి ఉన్నట్లే.

(సహజవాయువు మార్కెట్‌లోనూ తుపాను లెక్క మారింది. 2005లో కత్రినా వచ్చినప్పుడు సింధుశాఖ బావులు మూతపడి వాయువు ధర పెరిగింది. ఇప్పుడు ఉత్పత్తి ఎక్కువగా భూమి మీది షేల్ బావులది. తుపాను వస్తే లూసియానా తీరంలోని ఎగుమతి కేంద్రాలు ఆగి, వాయువు దేశంలోనే మిగిలి, ధర తగ్గే అవకాశమే ఎక్కువ.)

న్యూయార్క్ ధరను మన లెక్కకు తెచ్చుకోవడం కష్టం కాదు. అక్కడ ధర పౌను దూదికి సెంట్లలో. మన క్యాండీ 356 కిలోలు, అంటే 784 పౌన్లు. ఒక సెంటు పెరిగితే క్యాండీకి 7.84 డాలర్లు పెరిగినట్లు. మూడు సెంట్ల తేజీ అంటే క్యాండీకి ఇరవైమూడున్నర డాలర్లు. దానిని ఆనాటి మారకపు రేటుతో హెచ్చవేయాలి. బేళ్ల సంఖ్యలు పోల్చేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం: అమెరికా బేలు 480 పౌన్లు, అంటే 218 కిలోలు, మన బేలు 170 కిలోలే.

ఆ పెరుగుదల యార్డుకు వచ్చిన రైతు చేతికి పూర్తిగా అందుతుందని చెప్పలేము. నడుమ దిగుమతి సుంకం ఉన్నది, మిల్లుల నిల్వలున్నాయి, మద్దతు ధర ఉన్నది. 2025 ఆగస్టు 19 నుంచి డిసెంబర్ 31 వరకు కేంద్రం పత్తిపై 11 శాతం దిగుమతి సుంకాన్ని ఎత్తివేసినప్పుడు మిల్లులకు విదేశీ సరుకు చౌక అయింది. 2025-26 సీజనుకు పొడుగు పింజ మద్దతు ధర క్వింటాలుకు రూ. 8,110. తేమ 8 శాతం దాటితే పత్తి సంస్థ ధరలో కోత పెట్టింది, 12 దాటితే కొనలేదు. అదే సీజనులో అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపాన తీరం దాటి, మరునాడు వరంగల్ దాకా కుండపోత కురిపించింది. చేలో తడిసిన పత్తిని ఎండబెట్టుకోలేని రైతుకు ఆ వారం న్యూయార్క్ ధర ఎంత ఉన్నా, యార్డులో తేమ మీటరు చూపిన అంకె మీదనే బేరం సాగింది.