రెసిన్ కళాకృతులకు పూలను ఆరబెట్టే విధానం

పండుగ మరునాడు ధర పడిపోయే చామంతి, గులాబీ పూలను ఆరబెట్టి రెసిన్ వస్తువుల తయారీదారులకు అమ్ముకోవడం పూల రైతుకు అదనపు ఆదాయ మార్గం. అయితే రేకుల్లో తేమ మిగిలితే రెసిన్‌లో బుడగలు ఏర్పడి, పువ్వు గోధుమ రంగుకు మారుతుంది. గట్టిపడిన తరువాత సరిదిద్దడం సాధ్యం కాదు. కావున అమ్ముడుపోక వాడిన పూలు పనికిరావు. ధర తగ్గుతుందని తెలిసిన వెంటనే తాజా పూలను వేరుచేయాలి.

మంచు ఆరిన తరువాత పూలు కోయాలి. డబ్బాలో 2-3 సెం.మీ. మందాన సిలికా జెల్ పరచి, పూలను నిలిపి, రేకుల మధ్యకు చేరేలా మెల్లగా కప్పి, గాలి చొరకుండా మూత బిగించాలి. రకాన్ని బట్టి సుమారు 3-7 రోజుల్లో పూలు ఆరుతాయి. ముద్ద పూలలో అడుగు భాగం ఆలస్యంగా ఆరుతుంది. అక్కడ మెత్తదనం లేదని నిర్ధారించుకున్న పిమ్మటే విక్రయించాలి. తేమ పీల్చిన జెల్‌ను ఓవెన్‌లో వేడిచేసి తిరిగి వాడవచ్చు.