డిస్క్ ఉన్నా సైకిల్ ఎందుకు ఆగడం లేదు?

లిలువాలో ఉంటున్న మా అన్నయ్య కొడుకు పోయిన వర్షాకాలంలో జీటీ రోడ్డు మీద ఒక టోటోను గుద్దబోయి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. మన దగ్గర బ్యాటరీ ఆటో అనేదాన్ని బెంగాల్లో టోటో అంటారు. రెండు బ్రేకులూ బలమంతా పెట్టి నొక్కాడట, సైకిల్ మాత్రం నింపాదిగా ముందుకు పోతూనే ఉందట. ముందూ వెనకా డిస్క్ బ్రేకులున్న మౌంటెన్ బైక్ అది. దగ్గర్లోని రిపేర్ షాపులో చూపిస్తే కాలిపర్లు పోయాయి, రెండూ మార్చాలన్నారు. నిజానికి ఏదీ పోలేదు. అంతకు వారం ముందు డిస్క్ కీచుమంటోందని అదే షాపులో దాని మీద నాలుగు చుక్కల నూనె వేశారు.

కీచుమన్న ప్రతిదానికీ నూనె వెయ్యడం మనకు తాతల నాటి అలవాటు. చైనుకు అది మందే. కానీ డిస్క్ బ్రేకు పనిచేసేదే రాపిడితో. లిలువాకు పేరు తెచ్చింది 1900లో ఈస్ట్ ఇండియన్ రైల్వే పెట్టిన క్యారేజీ వర్క్‌షాపు. ఆ స్టేషన్ మీదుగా పోయే ఎల్‌హెచ్‌బీ బోగీల్లో ఒక్కో ఇరుసుకు 640 మిల్లీమీటర్ల డిస్కులు రెండేసి ఉంటాయి. పిల్లవాడి సైకిల్‌కు ఉన్నది 160 మిల్లీమీటర్లది. సూత్రం రెండింటికీ ఒకటే: ప్యాడ్లు రెండువైపుల నుంచీ డిస్క్‌ను పట్టుకోవాలి, జారకూడదు.

బ్రేకు బలహీనంగా ఉందంటే ముందు లివర్‌ను అడగాలి. సైకిల్ పక్కన నిలబడి ముందు బ్రేకు నొక్కి, బండిని ముందుకు తోయండి. లివర్ మెత్తగా దిగిపోయి హ్యాండిల్‌కు ఆనుకుంటే, మన చేతి బలం ప్యాడ్ల దాకా చేరడం లేదని అర్థం. లివర్ గట్టిగానే ఉండి చక్రం తిరిగిపోతుంటే, బలం చేరుతోంది కానీ పట్టు లేదు. ఈ రెండు జబ్బులకూ మందులు వేరు. ఈ తేడా చూడకుండా సామాన్లు మార్చేస్తే డబ్బులే ఖర్చవుతాయి.

పట్టు లేకపోవడమే ఎక్కువగా కనిపించేది. వానలో తడిసిన డిస్క్ మొదటి క్షణాల్లో సరిగ్గా పట్టదు, నాలుగుసార్లు బ్రేకు వేస్తే నీరు పోయి కోలుకుంటుంది. ఆరాక కూడా కోలుకోలేదంటే అక్కడున్నది నూనె. చైనుకు స్ప్రే కొట్టినప్పుడు తుంపర్లు పడొచ్చు, రోడ్డు మీది నీళ్లలో లారీల ఆయిల్ కలిసి ఉండొచ్చు, వేళ్ల జిడ్డు కూడా చాలు. డిస్క్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, శుభ్రమైన గుడ్డతో తుడవాలి. శానిటైజర్ పనికిరాదు, చాలావాటిలో గ్లిజరిన్ కలిపి ఉంటుంది. ప్యాడ్ల పైపొర మెరుస్తుంటే గరుకు కాగితంతో కొద్దిగా రుద్ది చూడొచ్చు. నూనె లోపలికి ఇంకితే మాత్రం కొత్తవి వేసుకోవడమే మేలు. స్టవ్ మీద కాల్చి బాగుచేసే చిట్కాలు ఇంటర్నెట్టులో బోలెడు తిరుగుతున్నాయి. ప్రాణం మీదికి వచ్చే భాగంతో ఆ ప్రయోగం ఎందుకు?

కొత్త ప్యాడ్లు వెయ్యగానే పని అయిపోదు. డిస్క్ మీద ప్యాడ్ పదార్థం పల్చని పొరగా సమంగా పరుచుకుంటేనే పూర్తి పట్టు వస్తుంది. అందుకు ఓ మోస్తరు వేగం నుంచి నడక వేగానికి ఇరవైసార్లు, తర్వాత ఇంకాస్త వేగం నుంచి పదిసార్లు తగ్గించాలి. చక్రం పూర్తిగా ఆగకూడదు, బిగుసుకుపోకూడదు. లిలువాలాంటి పల్లమైన ఊళ్లో ఇది ఎవరూ చెయ్యరు. దిగుడు ఉండదు, కాబట్టి బ్రేకు గట్టిగా వెయ్యాల్సిన అవసరమూ తక్కువే. షాపు నుంచి వచ్చిన రోజు నుంచే బలహీనంగా ఉన్నా ఆ సంగతి బయటపడదు. అదే సైకిల్‌ను అరకు ఘాట్‌లో కిందికి దింపితే మొదటి మలుపులోనే తెలిసిపోతుంది.

ఇక లివర్ దిగిపోయే జబ్బు. తక్కువ ధర సైకిళ్లలో డిస్క్ బ్రేకుకు కేబులే ఉంటుంది. వీటిలో చాలావాటికి బయటి ప్యాడ్ ఒక్కటే కదులుతుంది. అది డిస్క్‌ను కాస్త వంచి, కదలని లోపలి ప్యాడ్‌కు ఆనిస్తుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ మధ్యలో ఖాళీ పెరుగుతుంది. అప్పుడు చాలామంది కేబుల్‌ను బిగించేస్తారు. దాంతో కాలిపర్ మీది చెయ్యి సగం తిరిగిన చోట నుంచే మొదలవుతుంది, బలం రాదు. ముందు చక్రం వైపు నుంచి అలెన్ కీతో లోపలి ప్యాడ్‌ను డిస్క్‌కు రాసుకోనంత దగ్గరకు తేవాలి, కేబుల్ సంగతి ఆ తర్వాత. కేబుల్ తుప్పు పట్టినా, దాని తొడుగు నలిగినా మార్చెయ్యాలి. అది చవకైన పనే.

హైడ్రాలిక్ బ్రేకులో లివర్ మెత్తబడి, నాలుగుసార్లు పంపు చేస్తే గట్టిపడుతుంటే లోపల గాలి చేరి ఉండొచ్చు. గాలి తీయించాలి. ఇందులో పోసే ద్రవం కంపెనీని బట్టి మారుతుంది: షిమానోకు మినరల్ ఆయిల్, హేస్ లాంటివాటికి డాట్ ద్రవం. ఒకదాని బదులు ఇంకోటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడవుతాయి. డాట్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది కూడా. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది.

అరుగుదల కొలవడం తేలిక. ప్యాడ్ మీది రాపిడి పొర అర మిల్లీమీటరుకు తగ్గితే మార్చాలని షిమానో చెబుతుంది. డిస్క్ మందం 1.5 మిల్లీమీటర్లకు వస్తే దాన్నీ మార్చాల్సిందే. పెద్ద డిస్క్ వేయిస్తే సరిపోతుందా అని అడుగుతుంటారు. 160 బదులు 180 వేస్తే అదే నొక్కుడుకు దాదాపు ఎనిమిదో వంతు బలం పెరుగుతుంది, అంతే. నూనె పట్టిన ప్యాడ్లతో ఎనిమిదో వంతు పెరిగినా ఒరిగేది లేదు.

మావాడి సైకిల్‌కు చివరికి అయినవి రెండు జతల ప్యాడ్లు, గుప్పెడు దూది, కాస్త ఆల్కహాల్. ఆదివారం పొద్దున్నే బేలూరు వైపు ఖాళీ వీధిలో ఒక్కో బ్రేకుకు ముప్పైసార్లు వేగం తగ్గించాడు. కాలిపర్లు పాతవే ఉన్నాయి.