కాంపౌండరు సీసా నుంచి పెప్టైడ్ ఇంజెక్షన్ దాకా: ‘మీ కోసమే కలిపిన మందు’ ఎంత భద్రం?

ఒక తరం కిందటి వరకు మన ఊళ్లలో డాక్టరుగారు చీటీ రాసిస్తే పక్క గదిలో కాంపౌండరు మందు కలిపి ఇచ్చేవాడు. సీసాకు అంటించిన కాగితం పట్టీ మీది గాట్లే మోతాదుకు కొలత. రోగిని బట్టి మందు కలిపే ఆ పనినే కాంపౌండింగ్ అంటారు. ఇప్పుడది ‘పెప్టైడ్ థెరపీ’ పేరుతో కొత్త రూపంలో వస్తోంది. బరువు తగ్గడానికి, కండ పెరగడానికి, కీళ్ల నొప్పులకు, వయసు మీద పడకుండా ఉండటానికి అంటూ రకరకాల ఇంజెక్షన్ల ప్రచారం సాగుతోంది. ఇందులో శాస్త్రం ఎంత, వ్యాపారం ఎంత?

పెప్టైడ్ అంటే ఏమిటి?

అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చితే వచ్చే చిన్న గొలుసే పెప్టైడ్. గొలుసు బాగా పొడవైతే ప్రోటీన్ అంటాం. ప్రసవ సమయంలో పనిచేసే ఆక్సిటోసిన్‌లో 9 అమైనో ఆమ్లాలు ఉంటాయి, ఇన్సులిన్‌లో 51. అంటే 1922 నుంచే మధుమేహ రోగులు పెప్టైడ్ చికిత్స పొందుతున్నారు.

పెప్టైడ్‌లతో చిక్కేమిటంటే అవి శరీరంలో ఎక్కువ సేపు నిలవవు. మింగితే జీర్ణరసాలు వాటిని ఆహారంలాగే ముక్కలు చేస్తాయి. భోజనం తర్వాత పేగులో విడుదలయ్యే జీఎల్‌పీ-1 హార్మోనును ఒక ఎంజైమ్ రెండు మూడు నిమిషాల్లోనే విరిచేస్తుంది. శాస్త్రవేత్తలు ఈ హార్మోనులో ఎంజైమ్ కత్తిరించే చోట ఒక అమైనో ఆమ్లాన్ని మార్చి, గొలుసుకు ఒక కొవ్వు ఆమ్లపు తోకను తగిలించారు. ఆ తోక రక్తంలోని ఆల్బుమిన్‌ను పట్టుకుని ఉంటుంది. అలా తయారైన సెమాగ్లూటైడ్ వారానికి ఒక్క ఇంజెక్షన్‌తో పనిచేస్తుంది. మన దేశంలో దీని పేటెంటు గడువు 2026 మార్చి వరకే. అంతకు ముందే, 2025 డిసెంబరులో, హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ దీన్ని ఎగుమతి కోసం తయారుచేసుకోవడానికి ఢిల్లీ హైకోర్టు అనుమతించింది.

ఒక్క శాతం తప్పితే

పెప్టైడ్‌ను రసాయనికంగా తయారుచేసేటప్పుడు అమైనో ఆమ్లాలను ఒకదాని తర్వాత ఒకటి అతికిస్తారు. 31 అమైనో ఆమ్లాల గొలుసుకు 30 అతుకులు కావాలి. ప్రతి అతుకూ 99 శాతం సరిగా పడినా, చివరకు సరైన గొలుసులు సుమారు 74 శాతమే. మిగిలినవి చూడటానికి అలాగే ఉండే తప్పుడు గొలుసులు. వాటిని వేరుచేయకపోతే రోగనిరోధక వ్యవస్థ వాటిపై ఎదురు తిరగవచ్చు. లైసెన్సు ఉన్న కర్మాగారాల్లో ఈ శుద్ధికి, పరీక్షలకు చాలా శ్రమ పడతారు. చిన్న గదిలో పొడిని నీళ్లలో కలిపేవారికి ఆ పరీక్షలు చేసే వీలుండదు.

వేడి మరో సమస్య. ఇలాంటి ఇంజెక్షన్లను సాధారణంగా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెలలో 45 డిగ్రీల ఎండలో తిరిగి ద్వారకలోని ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సాయంత్రం దాకా పడి ఉన్న పార్సిల్‌లో మందు ఏ స్థితిలో ఉందో చూసి చెప్పడం అసాధ్యం.

మూడోది మోతాదు. ఇన్సులిన్ సిరంజిలో 100 యూనిట్లంటే ఒక మిల్లీలీటరు. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉన్న వయల్ నుంచి 0.25 మిల్లీగ్రాములు కావాలంటే 25 యూనిట్లు తీయాలి. వయల్‌లో 5 మిల్లీగ్రాములుంటే 5 యూనిట్లు చాలు. అలవాటు కొద్దీ 25 తీస్తే అయిదు రెట్ల మందు ఒంట్లోకి పోతుంది. కలిపి అమ్మిన సెమాగ్లూటైడ్‌ను కొందరు 5 నుంచి 20 రెట్లు ఎక్కువగా తీసుకున్నారని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024లో హెచ్చరించింది.

కలపడమే తప్పా?

కాదు. మాత్ర మింగలేని పసిబిడ్డకు ద్రవరూపంలో మందు కావాలి. రంగు పడని రోగికి అది లేని మందు కావాలి. క్యాన్సర్ వార్డులో బరువును బట్టి మోతాదు కలపాలి. ఇవన్నీ కాంపౌండింగే. మన 1945 నాటి ఔషధ నియమాల ప్రకారం, దుకాణంలో మందు కలిపితే అది రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ప్రత్యక్ష పర్యవేక్షణలోనే జరగాలి. శుభ్రత తప్పితే ఏమవుతుందో 2012లో అమెరికా చూసింది. ఒక కాంపౌండింగ్ కేంద్రం పంపిన ఇంజెక్షన్లలో శిలీంధ్రం చేరి 750 మందికి పైగా జబ్బుపడ్డారు, 60 మందికి పైగా మరణించారు.

‘బీపీసీ-157’ లాంటి పెప్టైడ్‌ల సంగతి వేరు. గాయాలు మానుతాయని ప్రచారం ఉన్నా, వాటి మీద జరిగిన పని చాలావరకు జంతువులపైనే. క్రీడాకారులకు 2022 నుంచి దానిపై నిషేధం ఉంది. ‘పరిశోధనకు మాత్రమే’ అని రాసి ఉన్న పొడి మనుషులకు ఇచ్చే మందు కాదు.

సూది వేయించుకునే ముందు

వయల్ చేతికి తీసుకుని చూడండి. తయారీదారు పేరు, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్నాయా? ఆమోదం పొందిన మందు దొరుకుతుండగా కలిపినదే ఎందుకని డాక్టరును అడగండి. సూది తర్వాత ఇబ్బంది వస్తే ముందు వైద్యం చేయించుకుని, ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే ఉచిత ఫోను 1800-180-3024కు తెలియజేయండి. వెనకటి కాంపౌండరు సీసాలో ఏముందో చీటీ రాసిన డాక్టరుకు తెలుసు. మన వయల్‌లో ఏముందో చెప్పగలిగే బాధ్యత గల మనిషి ఒకరు ఉన్నప్పుడే చెయ్యి చాపాలి.