పరాన్నజీవుల వ్యాప్తి : పంచాయతీల బాధ్యత

తొలకరి కురిసినంతనే రైతు నాగలి సవరించుకొనును. ఆ వానయే ఊరి వెలుపలి గోతులను కూడ నింపును. పది దినములు గడచునప్పటికి ఆ గోతుల నుండి దోమలు లేచును. మరికొన్ని వారములకు చలిజ్వరములు తలయెత్తును. "వానకాలము కదా, జ్వరములు రాక మానునా?" అని పెద్దలు సరిపెట్టుకొందురు. ఈ మాటలో సగము మాత్రమే నిజము కలదు. వానను పంపినది ప్రకృతి. గోతిని త్రవ్వినది మనము.

వేరొక ప్రాణి శరీరమున చేరి, దానినే ఆహారముగా గొని బ్రతుకు జీవిని పరాన్నజీవి యందురు. మలేరియా క్రిమి, బోదకాలు పురుగు, నారికురుపు పురుగు ఈ కోవకు చెందినవే. దోమయో, నీటి పురుగో నడుమ వాహనముగా నుండిననే ఇవి ఒకరి నుండి మరియొకరికి ప్రాకును. ఆ వాహనమునకు కావలసిన వేడిమిని, తేమను వాతావరణము ఇచ్చును. నివాసమును పెక్కు తావుల మనుష్యుడే ఇచ్చుచున్నాడు.

వాతావరణము చేయు పని

మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగునని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన మన సికిందరాబాదులోనే కనుగొనెను. రోగి రక్తమును పీల్చిన దోమ వెంటనే రోగమును అంటింపజాలదు. క్రిమి దాని శరీరములో పక్వము కావలెను. వేడిమి 28 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమున నున్నచో ఇందుకు 10, 12 దినములు చాలును. 20 డిగ్రీలకు దిగినచో మూడు నాలుగు వారములు పట్టును. 16 డిగ్రీలకు లోబడినచో ఎదుగుదల దాదాపుగా నిలిచిపోవును. దోమ ఆయువు కొలది వారములే గనుక, చలిలో క్రిమి పక్వము కాకమునుపే దోమ చచ్చుచుండును.

భూమి వేడెక్కుచున్న కొలది ఈ చలి యను అడ్డుగోడ సడలుచున్నది. ఇథియోపియా, కొలంబియా దేశముల కొండసీమలలో వెచ్చని సంవత్సరములందు మలేరియా మరింత ఎత్తునకు ప్రాకుచున్నట్లు 2014లో వెలువడిన పరిశోధన తెలిపినది.

మనుష్యుడు చేయు పని

బాటలకును, గట్లకును, ఇటుకలకును మట్టి తీసిన గోతులలో నిలిచిన తేటనీరు మలేరియా దోమకు పుట్టినిల్లు. బోదకాలు దోమకు మురుగునీరు ప్రీతి. ఊరికి కుళాయి వచ్చుట మేలే. కాని వాడిన నీరు పోవుటకు కాలువ లేనిచో, ఆ మేలే వీధి మడుగై దోమలను పెంచును. కావున నీటిని తెచ్చు ఏర్పాటుతో పాటు, నీటిని పంపు ఏర్పాటును కూడ ఆలోచింపవలెను.

రెండు అనుభవములు

నారికురుపు వాన వలన గాక, నీటి కరవు వలన పెరిగిన వ్యాధి. వేసవిలో నీరు అడుగంటిన దిగుడు బావిలోనికి జనులు దిగెడివారు. రోగి కాలి పుండు నుండి పురుగు తన పిల్లలను ఆ నీట విడిచెడిది. సైక్లాప్స్ అను సూక్ష్మమైన నీటిపురుగు వానిని మ్రింగెడిది. ఆ నీరు త్రాగినవారికి సుమారు ఏడాది తరువాత పురుగు బయలుపడెడిది. దీనికి టీకా లేదు, మందు లేదు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో సహా 7 రాష్ట్రములలో ఇది యుండెను. 1983-84 నుండి దేశమంతట దిగుడు బావులను మార్చిరి, చేతిపంపులు వేసిరి, నీటిని గుడ్డతో వడకట్టి త్రాగుట నేర్పిరి. కడపటి రోగి 1996 జూలైలో రాజస్థాన్‌లో కనబడెను. 2000 సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశమును ఈ వ్యాధి నుండి విముక్తమైనదిగా ధ్రువపరచెను. వేసవి యెండలు తగ్గలేదు; బావి మాత్రము మారినది.

మలేరియా కథ వేరు. 1953లో జాతీయ కార్యక్రమము ఆరంభమగునాటికి ఏటా సుమారు 7.5 కోట్ల మంది దీని వాత బడుచుండిరి. 1960-70 దశాబ్దపు నడుమకు ఆ సంఖ్య లక్షకు దిగెను. అంతట శ్రద్ధ సడలెను. దోమలు మందుకు అలవాటుపడెను. 1976లో రోగుల సంఖ్య తిరిగి 64 లక్షలకు చేరెను. శత్రువు పోయెనని కావలి విడిచినందుకు చెల్లించిన మూల్యమిది.

పంచాయతీ చేయదగినది

సభ్యులారా, తొలకరికి నెల ముందుగా మీ మీ వార్డులను కాలినడకన చుట్టి రండు. నీరు నిలుచు గోతులను గుర్తించి పూడ్పింపుడు. పూడ్చుటకు వీలుకాని మడుగులలో ఆరోగ్య శాఖ సలహాతో గంబూషియా చేపలను విడువవచ్చును. బాట పని నొప్పగించునపుడే, మట్టి తీసిన గోతులను సరిచేయవలెనను నియమము చేర్పుడు. వెచ్చని నీటిలో గుడ్డు దోమ యగుటకు వారము పది దినములు పట్టును గనుక, వారమునకొక దినము తొట్టెలను, కుండలను ఖాళీచేసి ఆరబెట్టునట్లు ఇంటింటికి చెప్పుడు. జ్వరము వచ్చిన వారిని వెంటనే రక్తపరీక్షకు పంపుడు. జ్వరములు తగ్గిన ఏడాది కూడ ఈ పనులను మానకుడు.

వాన ఎప్పుడు కురియునో నిర్ణయించుట ఏ పంచాయతీకిని శక్యము కాదు. కురిసిన నీరు ఎచట నిలువవలెనో నిర్ణయించుట ప్రతి పంచాయతీకిని శక్యమే.