పద్దెనిమిది నిండకముందే గర్భం: చట్టంలో ఉన్న హక్కు వాడ దాకా ఎందుకు రావడం లేదు?

టీనేజ్ గర్భాల మీద అసెంబ్లీలో అయినా, టీవీ చర్చల్లో అయినా మనకు వినిపించేవి రెండే మాటలు. పిల్లలు సెల్‌ఫోన్లు చూసి చెడిపోతున్నారన్నది ఒకటి. చదువుకోని తల్లిదండ్రులు తొందరపడి పెళ్ళిళ్ళు చేసేస్తున్నారన్నది రెండోది. అంటే తప్పు అమ్మాయిదైనా కావాలి, లేదా కూలికి పోయే ఆమె అమ్మానాన్నలదైనా కావాలి. గర్భం వచ్చాక ఆ పిల్ల ఏ ఆసుపత్రి గడప ఎక్కాలి, అక్కడ ఆమెను ఏం అడుగుతారు, ఎవరి సంతకం కావాలంటారు, ఎవరికి ఫోన్ చేస్తారు అనేవి మాత్రం చర్చలోకి రావు. మనం మాట్లాడాల్సింది వాటి గురించే.

ముందు లెక్కలు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులయ్యారు, లేదా గర్భంతో ఉన్నారు. దేశ సగటు 6.8 శాతం. 2015-16 సర్వేలో ఆంధ్ర లెక్క 11.8. దేశం మొత్తం మీద తగ్గుతున్న కాలంలో ఆంధ్రలో పెరిగిందన్నమాట. తెలంగాణలో అదే కాలంలో 10.6 నుంచి 5.8కి తగ్గింది. అయితే తెలంగాణ మరీ సంబరపడక్కర్లేదు. 20-24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రలో 29.3 శాతమైతే తెలంగాణలో 23.5 శాతం. చిన్న వయసు పెళ్ళిళ్ళు పెద్దగా ఆగలేదు, తొలి కాన్పు మాత్రం కాస్త వెనక్కి జరిగింది.

అదే సర్వేలో మరో లెక్క ఉంది. దేశం మొత్తం మీద బడి ముఖం చూడని ఆడపిల్లల్లో 18 శాతం మంది ఈ వయసుకే గర్భం దాల్చారు. పన్నెండేళ్ళు, ఆపైన చదివినవాళ్ళలో అది 4 శాతం. ఈ అంకెలు చూపించి 'చదువు లేకపోవడమే కారణం' అని చేతులు దులుపుకోవడం తేలిక. పదో తరగతి పాసైన మాదిగ పిల్ల ఇంటర్‌కి ఎందుకు పోలేదో ఎవరూ అడగరు. కాలేజీ మండల కేంద్రంలో ఉంటుంది, బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అమ్మానాన్నలు ఆరు నెలలు ఇటుక బట్టీలకో, చెరకు నరకడానికో వలసపోతారు. ఎదిగిన పిల్లను ముసలమ్మ దగ్గర వదిలి వెళ్ళాలంటే భయం. ఆ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేస్తే మనం పెద్ద తప్పు చేసినట్టే. ఊళ్ళో ఆధిపత్య కులాల మగవాళ్ళ చూపు, చేయి తమ పిల్ల మీద పడితే అడిగే దిక్కుండదని ఆ తల్లికి తెలుసు. పెళ్ళి చేసి పంపేయడం ఆమెకు తెలిసిన ఒకే ఒక్క రక్షణ. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో ఒక్క సీటు దొరికితే అదే తల్లి పెళ్ళి మాట పక్కన పెట్టేస్తుంది. అందుకే గురుకులాల్లో సీట్ల కోసం చేసే పోరాటం కూడా ఆడపిల్లల ఆరోగ్య పోరాటమేనని మేం అంటాం.

బాల్యవివాహానికీ కులానికీ ఉన్న ముడిని అంబేద్కర్ 1916లోనే విప్పి చూపించారు. కొలంబియా యూనివర్సిటీలో చదివిన 'కాస్ట్స్ ఇన్ ఇండియా' పత్రంలో సతి, నిర్బంధ వైధవ్యం, చిన్నపిల్లల పెళ్ళిళ్ళు మూడూ కులంలోనే పెళ్ళి అనే నియమాన్ని నిలబెట్టడానికి పుట్టిన ఏర్పాట్లని వివరించారు. పిల్లకు మనసు తెలిసేలోగా, కులం గీత దాటేలోగా కట్టబెట్టేయడం అందులో భాగం. నూరేళ్ళు దాటినా ఈ విషయం మన ప్రభుత్వాల 'అవగాహన సదస్సుల' పోస్టర్ల మీదకు ఎక్కలేదు.

ఇక చట్టం. బ్రిటిష్ వాళ్ళ శిక్షాస్మృతిలో గర్భస్రావం నేరం. దానికి మినహాయింపుగా 1971లో వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టం వచ్చింది, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. మూల నేరం ఇప్పటికీ పోలేదు. కొత్త భారతీయ న్యాయ సంహితలో 88వ సెక్షన్‌గా కూర్చుంది. కాబట్టి మన దేశంలో అబార్షన్ 'అడిగితే ఇచ్చే హక్కు' కాదు, డాక్టరు ఒప్పుకుంటే దొరికే మినహాయింపు. 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు కావాలి, అదీ కొన్ని వర్గాల వారికే. అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త చనిపోయిన లేదా విడాకులైన స్త్రీలు, వికలాంగులు ఆ వర్గాల్లో ఉన్నారు. 24 వారాలు దాటితే, పిండంలో తీవ్ర లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి, లేదా తల్లి ప్రాణానికే ముప్పు ఉండాలి. మిగతావాళ్ళు కోర్టుకు పోవాల్సిందే. పద్దెనిమిది నిండని పిల్లకైతే సంరక్షకుల రాతపూర్వక సమ్మతి తప్పనిసరి. పెళ్ళి కాలేదన్న కారణంతో 20-24 వారాల అవకాశాన్ని నిరాకరించడం కుదరదని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఈ చట్టం వరకు భర్త చేసిన బలాత్కారం కూడా అత్యాచారమే అవుతుందని అదే తీర్పులో ఉంది.

కాగితం మీద బాగానే ఉంది. దీనికి ఎదురుగా మరో చట్టం నిలబడుతుంది. 2012 నాటి పోక్సో ప్రకారం పద్దెనిమిది లోపు వారితో లైంగిక సంబంధం ఏదైనా నేరమే, ఆ పిల్ల ఇష్టపడిందా లేదా అన్న ప్రశ్నే లేదు. నేరం జరిగిందని తెలిసిన ప్రతివారూ పోలీసులకు చెప్పాలని 19వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. ఇప్పుడు పదిహేడేళ్ళ గర్భిణి ఓపీ చీటీ పట్టుకుని లోపలికి వస్తే డాక్టరు ముందు ఒక రోగి, వెనకాల ఒక ఎఫ్‌ఐఆర్ కనబడతాయి. 'పెద్దాసుపత్రికి తీసుకుపోండి' అని రాసి పంపేయడం ఆయనకు సులువు. పెద్దాసుపత్రి ఇంకో పెద్దాసుపత్రికి పంపుతుంది. రెండు మూడు తిరుగుళ్ళలో 20 వారాలు దాటిపోతాయి.

పిల్లను ఆ స్థితికి తెచ్చింది మేనబావ, అంటే ఇంట్లోవాళ్ళే కట్టబెట్టిన మొగుడైతే, కేసు పెడితే అతను జైలుకు, ఆమె పుట్టింటికి. అందుకని కుటుంబం అసలు ఆసుపత్రికే రాదు. అసోంలో 2023 ఫిబ్రవరిలో బాల్యవివాహాల పేరిట 3,000 మందికి పైగా అరెస్టు చేసినప్పుడు, భర్తల్ని పట్టుకుపోతారన్న భయంతో గర్భిణులు ఆసుపత్రులకు దూరమయ్యారని పత్రికలు రాశాయి. పెళ్ళిళ్ళు జరిగిపోయాక అరెస్టులు చేయడం వల్ల ముందుగా నష్టపోయేది కాన్పుకు దగ్గరపడ్డ పిల్లేనని అక్కడ అందరూ చూశారు.

ఈ చిక్కును సుప్రీంకోర్టు 2022 తీర్పులోనే కొంత విప్పింది. పిల్ల, ఆమె సంరక్షకులు కోరితే, డాక్టరు పోలీసులకు ఇచ్చే సమాచారంలో ఆమె పేరు, ఇతర వివరాలు చెప్పనవసరం లేదు. అబార్షన్ చేయించుకున్నవారి వివరాలు బయటపెట్టకూడదని 2021 సవరణలోనే ఉంది. ఈ సంగతి తెలిసిన డాక్టర్లు మాకు చాలా తక్కువమంది తగిలారు. ఆశా కార్యకర్తలకు చెప్పినవాళ్ళే లేరు.

మరి ఆసుపత్రి వద్దంటే ఏం జరుగుతుంది? మందుల షాపు, లేదా ఆర్‌ఎంపీ. 2015లో దేశంలో సుమారు 1 కోటి 56 లక్షల అబార్షన్లు జరిగాయని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. అందులో 73 శాతం ఆసుపత్రి బయట, మాత్రలతో జరిగినవే. మాత్రలు వాటంతట అవి ప్రమాదం కావు. చట్టం కూడా 9 వారాల దాకా వాటిని ఒప్పుకుంటుంది, అదీ డాక్టరు రాసిచ్చినప్పుడు. నెల తప్పిందని చెప్పడానికే భయపడే పిల్ల నాలుగో నెలలో ఎవరో ఇచ్చిన కిట్ మింగితేనే ముప్పు. అసలే రక్తహీనత. రాత్రి పూట రక్తస్రావం మొదలైతే 108కి ఫోన్ చేయాలా వద్దా అని ఇంట్లో తర్జనభర్జన, ఫోన్ చేస్తే వాడంతా తెలుస్తుందని. ఇలాంటి మరణాలు 'కడుపునొప్పి'గా ఊళ్ళో చెప్పుకోవడం మనం ఎన్నిసార్లు వినలేదు?

ఇప్పుడు రాజకీయాలకొద్దాం. అమెరికాలో అబార్షన్ మీద ఎన్నికలే జరుగుతాయి. మన దగ్గర నిషేధించమనే పెద్ద పార్టీ లేదు, అందువల్ల సమస్యే లేదన్న భ్రమ ఉంది. కానీ అమెరికా నుంచి నేర్చుకోదగ్గది ఒకటుంది. అక్కడ అబార్షన్ చట్టబద్ధంగా ఉన్న కాలంలోనే, 1976 నుంచి హైడ్ సవరణ పేదల వైద్య పథకం మెడికెయిడ్ డబ్బు దానికి వాడకుండా ఆపింది. హక్కు అందరికీ ఉంది, డబ్బున్నవాళ్ళకే అందింది. ఆ దెబ్బ ఎక్కువగా నల్లజాతి స్త్రీల మీద పడింది. 2022లో అక్కడి సుప్రీంకోర్టు హక్కునే తీసేసింది. మన దగ్గర హైడ్ సవరణ అవసరం లేకుండానే, పీహెచ్‌సీలో శిక్షణ పొందిన డాక్టరు లేకపోవడం అదే పని చేస్తోంది.

మన రాజకీయాల్లో పిల్లల సంఖ్య గురించి మాట్లాడేటప్పుడు స్త్రీ ఎప్పుడూ లెక్క మాత్రమే. 1994 నుంచి ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీకి పోటీ చేయకూడదన్నారు. రిజర్వేషన్‌తో వార్డు మెంబరయ్యే దళిత స్త్రీల మీదే ఆ నిబంధన బరువు పడింది. మూడో బిడ్డను దాచడం, గర్భం తీయించుకోవడం దాంతోపాటే వచ్చాయి. 2024 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఆ నిబంధనను ఎత్తేసింది. మంచిదే. కానీ ఎత్తేయడానికి చెప్పిన కారణం, జననాల రేటు పడిపోతోంది, ఎక్కువమంది పిల్లల్ని కనాలి అన్నది. నిన్న కనొద్దన్నది, నేడు కనమంటున్నదీ ఆ సర్కారే. ఆంధ్రలో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. పదహారుకు పెళ్ళి, ఇరవైలోగా ఇద్దరు, ఆపైన ఆపరేషన్. మధ్యలో ఎడం పాటించడానికి మాత్రలో, కాపర్-టీయో కావాలా అని అడిగే వ్యవస్థే లేదు. అంబేద్కర్ తరఫున 1938 నవంబర్ 10న బొంబాయి శాసనసభలో సంతాన నియంత్రణకు ప్రభుత్వమే ప్రచారం చేయాలి, సదుపాయాలు కల్పించాలి అన్న తీర్మానం వచ్చింది. 11 మంది సమర్థించారు, 52 మంది వ్యతిరేకించి ఓడించారు. సదుపాయం ముందు అన్న ఆ వాదన ఇప్పటికీ పాతబడలేదు.

పిల్ల ఇష్టం గురించి ఒక మాట. సంరక్షకుల సమ్మతి అన్న నిబంధన రెండువైపులా కోస్తుంది. ఇంట్లో చెప్పుకోలేని పిల్లకు దారి మూసేస్తుంది. కులాంతర ప్రేమలో గర్భం వచ్చిన పిల్లను, ముఖ్యంగా అబ్బాయి దళితుడైతే, బలవంతంగా తీయించే అధికారం ఇచ్చినట్టూ వాడుకుంటారు. అదే కేసులో అబ్బాయి మీద పోక్సో పడుతుంది. 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్రకు చెందిన 14 ఏళ్ళ బాలిక కేసులో సుప్రీంకోర్టు ముందు అబార్షన్‌కు అనుమతించి, ఆమె ఆరోగ్యం గురించి తల్లిదండ్రులు ఆందోళన పడి నిర్ణయం మార్చుకున్నాక ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. గర్భిణి అభిప్రాయం, సంరక్షకుల అభిప్రాయం వేరైనప్పుడు మైనరైనా ఆమె మాటకు తగిన విలువ ఇవ్వాలని ఆ తీర్పు చెప్పింది. కార్యకర్తలుగా మనం కూడా పిల్లను పక్కకు పిలిచి, అమ్మానాన్నలు లేకుండా ఒకసారి అడగాలి.

ఆధిపత్య కులాల వాడు చేసిన అత్యాచారం వల్ల వచ్చిన గర్భమైతే లెక్క వేరు. అక్కడ పెద్దమనుషుల పంచాయితీ మొదట చేసే పని, డబ్బిచ్చి పిల్లను పట్నం తీసుకుపోయి గుట్టుగా కడుపు తీయించడం. గర్భంతోపాటు సాక్ష్యం కూడా పోతుంది. అందుకే మన వాళ్ళు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఎఫ్‌ఐఆర్ ఉంటే గానీ అబార్షన్ చేయమనడం చట్టంలో లేదు. 20 వారాల లోపైతే కోర్టు ఉత్తర్వు కూడా అక్కర్లేదు. బాధితురాలికి ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ వెంటనే ఉచితంగా వైద్యం చేయాలని నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ చెబుతుంది. అబార్షన్ చేసేటప్పుడు పిండ కణజాలాన్ని డీఎన్‌ఏ పరీక్ష కోసం భద్రపరచి పోలీసుల ద్వారా ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపమని డాక్టరుకు రాతపూర్వకంగా ఇవ్వాలి, దాని కాపీ మీద ఆసుపత్రి ముద్ర వేయించుకోవాలి. కేసులో పోక్సోతోపాటు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్లు పడ్డాయో లేదో ఎఫ్‌ఐఆర్ కాపీ చేతికి రాగానే చూసుకోవాలి. అవి లేకపోతే ఆ చట్టం కింద రావలసిన పరిహారం రాదు. స్టేషన్‌లో పని జరగకపోతే అదే రోజు డీఎస్పీకి, జిల్లా విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీకి రాయండి.