అమ్మ తిన్న ఉప్మా, బిడ్డ రక్తనాళం

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్ పల్లెల నుంచి నిండు గర్భిణులు సరిహద్దు దాటి భద్రాచలం ఆసుపత్రికి కాన్పుకు రావడం అక్కడివాళ్లకు కొత్త కాదు. బిడ్డ పుట్టగానే తూకం వేస్తారు. రెండున్నర కిలోలకు తగ్గితే తక్కువ బరువు కింద రాసుకుంటారు. ఎందుకు తగ్గిందో ఆ అంకె చెప్పదు.

ఆ పల్లెలున్న బస్తర్‌లో అందుకు ఒక కారణం మలేరియా. ఫాల్సిపారం అనే మలేరియా పరాన్నజీవి సోకిన ఎర్రకణాలు మాయలో పేరుకుపోయి బిడ్డకు చేరాల్సిన ఆహారానికి అడ్డుపడతాయి. తల్లికి జ్వరం రాకపోయినా ఇది జరగొచ్చు. అందుకే 2020 జనవరిలో మొదలైన ‘మలేరియా ముక్త్ బస్తర్’లో లక్షణాలు లేనివారికి కూడా ఇంటికెళ్లి రక్తపరీక్ష చేశారు.

తిండి చాలని పిండం ఉన్నదాన్ని ముందు మెదడుకు పంపుతుంది. ఈ పంపకంలో హార్మోన్లది పెద్ద పాత్ర. ఎదుగుదలకు ఊతమిచ్చే ఐజీఎఫ్-1 తగ్గుతుంది. తల్లి రక్తంలోని ఒత్తిడి హార్మోను కార్టిసోల్‌ను బిడ్డ దాకా ఎక్కువగా పోనివ్వకుండా మాయలో ఒక ఎంజైము కాపలా కాస్తుంది. అది సడలితే పిల్లలకు తర్వాత రక్తపోటు పెరుగుతుందని ఎలుకల్లో చూశారు. ఇక మనుషుల సంగతి. ఎదుగుదల కుంటుపడిన నవజాత శిశువుల బృహద్ధమని గోడ మిగతావారికన్నా మందంగా ఉందని 2005లో ఆస్ట్రేలియా పరిశోధకులు అల్ట్రాసౌండ్‌తో కొలిచి చెప్పారు.

మన పిల్లల దగ్గర మాత్రం లెక్క కొంచెం తిరగబడుతుంది. పుణె దగ్గరి పల్లెల శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో 3.5. పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం చూస్తే, తగ్గింది ప్రధానంగా కండ. కొవ్వు అంతగా తగ్గలేదు. పుణె నగర శిశువుల బొడ్డుతాడు రక్తంలో ఇన్సులిన్ లండన్ తెల్లజాతి శిశువులకన్నా ఎక్కువగానే ఉంది. సన్నని బిడ్డలో ఇన్సులిన్ ఎక్కువ! మధుమేహానికి, గుండెజబ్బుకు దారి గర్భంలోనే పడుతోందేమోనన్న అనుమానం అలా మొదలైంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది హైదరాబాద్ శివారు పల్లెల అధ్యయనం. 1987–90లో కొన్ని ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయాతో చేసిన ఉప్మా పెట్టారు. తల్లులకు రోజుకు సుమారు 500 కేలరీలు. పక్క ఊళ్లకు ఈ తిండి పథకం అప్పటికింకా చేరలేదు. పుట్టిన పిల్లల బరువులో తేడా దాదాపు 60 గ్రాములే. అంతేనా అనిపిస్తుంది. ఆ పిల్లలే 13–18 ఏళ్ల వయసుకు వచ్చాక చూస్తే, ఉప్మా ఊళ్లవారు 14 మిల్లీమీటర్లు పొడుగు, వారి ధమనుల బిరుసు తక్కువ, ఇన్సులిన్ నిరోధకత సుమారు 20 శాతం తక్కువ. పిల్లలూ ఆ ఉప్మా తిన్నారు కాబట్టి ఘనతంతా గర్భానికే కట్టబెట్టలేం. ఊళ్లను చీటీలు తీసి ఎంచలేదు కూడా. అయినా తక్కెడ పెద్దగా పట్టుకోలేని తేడా ధమనుల్లో కనిపించిందన్నది చిన్న విషయం కాదు.

అలాగని ప్రతి కాన్పులో బొడ్డుతాడు హార్మోన్లు కొలవాలని కాదు. ఒక్క బిడ్డకు ఏమవుతుందో వాటినిబట్టి చెప్పలేం. బరువు తగ్గిందని ఎడాపెడా తినిపించడమూ మందు కాదు. 1969–72లో ఢిల్లీలో పుట్టినవారిని గమనిస్తే, రెండేళ్లకు సన్నగా ఉండి ఆ తర్వాత త్వరత్వరగా ఒళ్లు చేసినవారిలోనే పెద్దయ్యాక మధుమేహం ఎక్కువగా కనిపించింది.