పసిచెవిలో తొలి పిలుపు

బిడ్డ పుట్టగానే కుడిచెవిలో అజాన్, ఎడమచెవిలో ఇఖామత్ వినిపించడం మన ఇళ్ళలో ఆనవాయితీ. అంత చిన్న చెవికి ఏం వినపడుతుందిలే అనుకుంటాం గానీ, అది అప్పటికే వినడం నేర్చిన చెవి. తల్లి కడుపులో ఆరో నెల నుంచే శిశువు శబ్దాలకు కదలడం మొదలుపెడుతుంది. నత్తగుల్లలా సుమారు రెండున్నర చుట్లు తిరిగిన లోపలి చెవి, కర్ణావర్తం, పుట్టేనాటికే పెద్దవారి కొలతకు వచ్చి ఉంటుంది.

ఆ పిలుపు లోపలికి వెళ్ళే దారి చూద్దాం. గాలిలో వచ్చిన శబ్దం పలుచని కర్ణభేరిని కదిలిస్తుంది. దాని వెనుక వరుసగా మూడు బుల్లి ఎముకలు: సుత్తి, దాగలి, రికాబు. గుర్రపు రికాబులా ఉండే ఈ మూడోది సుమారు 3 మిల్లీమీటర్లే. ఒంట్లో ఇంతకన్నా చిన్న ఎముక లేదు. ఇవి ఎందుకంటే, కర్ణావర్తం నిండా ద్రవం ఉంటుంది. గాలిలోని శబ్దం నేరుగా ద్రవానికి తగిలితే దాదాపు అంతా వెనక్కి మళ్ళుతుంది. చెరువులో మునిగినవాడికి గట్టుమీది కేకలు సరిగా వినపడవు కదా! కర్ణభేరి మీది ఒత్తిడిని ఈ ఎముకలు చిన్న కిటికీ మీదికి కూడదీసి, సుమారు 20 రెట్లు పెంచుతాయి.

ద్రవంలో లేచిన అల ఒక సన్నని పొరను ఊపుతుంది. కీచు శబ్దాలు పొర మొదట్లో, గంభీరమైనవి కొసన ఎక్కువగా ఊపుతాయి. ఈ అల నడకను వివరించిన శాస్త్రవేత్త బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఊపును విద్యుత్ సంకేతంగా మార్చి నాడికి అందించే పని పొర మీది రోమకణాలది. ఒక్కో చెవిలో ఇవి సుమారు 15 వేలు. తలవెంట్రుక రాలితే మళ్ళీ మొలుస్తుంది, ఇవి మొలవవు.

కొందరు బిడ్డలకు పుట్టుకతోనే వినికిడి లోపం ఉంటుంది. దగ్గరి చుట్టరికంలో పెళ్ళిళ్ళు జరిగిన కుటుంబాల్లో ఇది కొంత ఎక్కువ. బిడ్డకు మాటలు రావడం లేదంటే, "వీడి అబ్బా కూడా ఆలస్యంగానే మాట్లాడాడు" అని దాదీమా సర్దిచెబుతుంది. అలా రెండేళ్ళు గడిచిపోతాయి. మాటలు నేర్చే మెదడు అంతకాలం ఆగదు.

చప్పట్లు కొట్టి చూస్తే చాలదు. చేతుల కదలిక చూసి కూడా బిడ్డ ఉలిక్కిపడవచ్చు. ఆరోగ్యమైన చెవి శబ్దం విన్నప్పుడు తానూ అతి సన్నని శబ్దం బయటికి పంపుతుందని డేవిడ్ కెంప్ 1978లో లండన్‌లో కనిపెట్టారు. నిద్రపోతున్న బిడ్డ చెవిలో మెత్తని గొట్టం పెట్టి ఆ జవాబును పట్టే పరీక్ష కొన్ని నిమిషాల పని, నొప్పి ఉండదు. నెలలోపు పరీక్ష, అనుమానముంటే మూడో నెలలోపు నిర్ధారణ, ఆరో నెలలోపు చికిత్స మొదలు. ఇదీ వైద్యులు చెప్పే లెక్క. మొదటిసారి జవాబు రాకపోతే బెంబేలెత్తనక్కర్లేదు. పుట్టిన ఒకటి రెండు రోజులు చెవిలో తడి, తెల్లని జిగురు మిగిలి ఉన్నా అలా జరుగుతుంది. మళ్ళీ చేయించాలి, అంతే.